పెంపుడు కుక్కతో విదేశానికి: టికెట్టు కన్నా ముందు లెక్కపెట్టుకోవలసిన తేదీలు

వీసా స్టాంపింగ్ పూర్తయి, ఉద్యోగంలో చేరవలసిన తేదీ ఖరారయ్యాక, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న కుటుంబం తమ కుక్క గురించి మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ విమానంలో తీసుకెళ్లనిస్తారు, ఎంత ఖర్చవుతుంది? నిజానికి ఇది చివర్లో అడగవలసిన ప్రశ్న. విమానంలో చోటు డబ్బు కడితే దొరుకుతుంది. రక్తపరీక్షకూ ప్రయాణానికీ మధ్య గడవవలసిన రోజులు ఎంత డబ్బు కట్టినా దొరకవు. అమెరికాకైతే కనీసం రెండు నెలలు, యూరప్‌కైతే నాలుగు నెలలకు పైగా ముందు మొదలుపెట్టవలసిన పనిని మూడు వారాల ముందు మొదలుపెట్టినవారు కుక్కను అమ్మానాన్నల దగ్గరో అత్తమామల దగ్గరో వదిలి కంటతడితో విమానం ఎక్కవలసి వస్తోంది. చాలా కుటుంబాల్లో జరుగుతున్న ఈ ఎడబాటు సమాచారం ముందే అందితే తప్పించుకోగలిగినదే కాబట్టి ఈ వివరాలన్నీ ఒకచోట చెప్పడం అవసరమనిపించింది.

ఈ నిబంధనలన్నిటికీ మూలం ఒకే ఒక్క జబ్బు, రేబిస్. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతికి బయటపడటం మనిషికైనా కుక్కకైనా దాదాపు అసాధ్యం. మనుషులకు సోకే రేబిస్‌లో అత్యధిక భాగం కుక్కకాటు వల్లనే వస్తుంది, ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం భారతదేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరోవైపు బ్రిటన్ 1922లోనే దేశంలోని జంతువుల నుంచి రేబిస్‌ను తుడిచిపెట్టింది, అమెరికా కుక్కల నుంచి కుక్కలకు వ్యాపించే రేబిస్ తమ దేశంలో లేదని 2007లో ప్రకటించింది. అలా వదిలించుకున్న జబ్బు మళ్లీ లోపలికి రాకుండా చూసుకోవడం వారి పట్టుదల. మన ఇంటి కుక్క ఎంత శుభ్రంగా, ఎంత ముద్దుగా పెరిగినా, సరిహద్దు దగ్గర అధికారి చూసేది అది ఏ దేశం నుంచి వచ్చిందనే. ఇందులో అవమానపడవలసింది లేదు. ఆ అధికారి అడిగేవి రెండే: ఈ కుక్కకు వేసిన టీకా నిజంగా పనిచేసిందా, టీకా వేసే నాటికే దానికి వైరస్ సోకి ఉండలేదని నమ్మకమేమిటి? చిప్పు, టీకా, రక్తపరీక్ష, నిరీక్షణ అన్న నాలుగు మెట్లూ ఈ రెండు ప్రశ్నలకు జవాబుగా ఏర్పడినవే. అందువల్లనే వాటి వరుస మారడానికి వీల్లేదు.

మొదటి మెట్టు మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉండే ఈ చిప్పును సూదితో మెడ వెనుక, భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. అందులో బ్యాటరీ ఉండదు, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. రీడరు దగ్గరికి తెచ్చినప్పుడు తనలో ఉన్న 15 అంకెల సంఖ్యను మాత్రం చూపిస్తుంది. ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోయే చిప్పునే వేయించుకోవాలి. ఇతర రకాల చిప్పులను విదేశీ విమానాశ్రయాల్లోని రీడర్లు చదవలేకపోవచ్చు. వేసిన వెంటనే డాక్టరు చేత చదివించి, ఆ సంఖ్యను స్వయంగా కాగితం మీద రాసుకుని, చిప్పుతో వచ్చిన స్టిక్కరు మీది అంకెలతో సరిపోల్చుకోవడం మంచిది. ఇకమీదట ప్రతి కాగితంలోనూ మీ కుక్కకు గుర్తింపు ఆ సంఖ్యే.

చాలామంది చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. మూడేళ్లుగా ఏటా తప్పకుండా టీకా వేయించిన కుక్క అయినా దానికి చిప్పు లేకపోతే, ఆ టీకాలేవీ ప్రయాణపు లెక్కలోకి రావు. కార్డులో రాసిన టీకా ఎదురుగా నిలబడిన ఈ కుక్కకే వేశారనడానికి ఆధారం చిప్పు సంఖ్య ఒక్కటే కాబట్టి, అమెరికా, యూరప్, బ్రిటన్ నిబంధనలు మూడూ చిప్పు తరువాత, లేదా అదే రోజు చిప్పు వేసి చదివాక వేసిన టీకానే గుర్తిస్తాయి. అందువల్ల పాత కార్డు ఎంత నిండుగా ఉన్నా చిప్పు వేయించి, మళ్లీ రేబిస్ టీకా వేయించి, లెక్క కొత్తగా మొదలుపెట్టవలసిందే. విదేశానికి వెళ్లే ఆలోచన దూరంగా ఉన్నా సరే, కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్న తొలి నెలల్లోనే చిప్పు వేయించమని నేను గట్టిగా చెబుతాను. అందువల్ల నష్టమేమీ లేదు, తరువాత నెలల కాలం కలిసి వస్తుంది.

రెండో మెట్టు టీకా. ఆ సమయానికి కుక్కకు కనీసం 12 వారాల వయసు నిండి ఉండాలి. టీకా కార్డు మీద వయల్ (మందు సీసా) స్టిక్కరు, బ్యాచి నంబరు, దాని గడువు తేదీ, వేసిన తేదీ, మళ్లీ వేయవలసిన తేదీ, డాక్టరు సంతకం, పశువైద్య కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర అన్నీ స్పష్టంగా ఉండాలి. మన క్లినిక్కుల్లో హడావుడిగా తేదీ రాసి ఒక గీత గీసి ఇచ్చే అలవాటు ఉంది. ఇంట్లో దాచుకోవడానికి అది సరిపోతుంది గానీ ప్రయాణానికి పనికిరాదు.

మూడో మెట్టు రక్తపరీక్ష, వాడుకలో టైటర్ టెస్టు. టీకా వేసిన 30 రోజులకో అంతకన్నా తరువాతో డాక్టరు రక్తం తీసి, దాని నుంచి సీరాన్ని వేరుచేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతారు. రక్తంలో రేబిస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నాయని తేలితే టీకా పనిచేసినట్టు లెక్క. అధికారి మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. ఇక్కడ జాగ్రత్తపడవలసినది ప్రయోగశాల ఎంపికలో. యూరోపియన్ యూనియన్‌కు, అమెరికాకు వేరువేరు ఆమోదిత జాబితాలు ఉన్నాయి, ఆ జాబితాలో లేని చోట చేయించిన పరీక్ష ఫలితం ఎంత బాగున్నా చెల్లదు. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ రేబిస్ ప్రయోగశాల ఇలాంటి పరీక్షలకు ప్రసిద్ధి చెందినది. నమూనా విదేశానికి వెళ్లి, పరీక్ష జరిగి, ఫలితం రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ గడువునూ లెక్కలో చూసుకోవాలి. రక్తం తీసే ముందు చిప్పును మరోసారి చదివి, ఆ సంఖ్యనే నమూనా ఫారం మీద రాయించాలి. ఒక్క అంకె తేడా వస్తే ఆ ఫలితం మీ కుక్కది కాకుండా పోతుంది.

నాలుగో మెట్టు నిరీక్షణ, అందరికీ అర్థం లేనిదిగా తోచేది ఇదే. టైటర్ బాగా వచ్చిన తరువాత కూడా నెలల తరబడి ఎందుకు ఆగాలి? రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నాయంటే టీకా పనిచేసిందని మాత్రమే తెలుస్తుంది. టీకాకు ముందే ఎక్కడో వీధికుక్క కరిచి ఉంటే, వైరస్ అప్పటికే నరాల వెంట మెల్లగా మెదడు వైపు సాగుతూ ఉండవచ్చు, ఆ కుక్క పైకి నెలల పాటు ఆరోగ్యంగానే కనిపించవచ్చు. అలాంటి కుక్క ఉంటే జబ్బు లక్షణాలు బయలుదేరిన దేశంలోనే బయటపడాలన్నది ఈ నిరీక్షణ ఉద్దేశం. రెండో ప్రశ్నకు కాలం తప్ప వేరే ఏ పరీక్షా జవాబివ్వలేదు. కాబట్టి సిఫారసులకు, అత్యవసర కారణాలకు ఇక్కడ చోటు లేదు.

ఈ లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం. జనవరి 5న చిప్పు, టీకా వేయించి, ఫిబ్రవరి 5న రక్తం ఇచ్చిన కుక్కను తీసుకుందాం. రక్తం తీసిన నాటి నుంచి ప్రవేశించే నాటికి 28 రోజులు గడవాలన్నది అమెరికా నియమం కాబట్టి, ఫలితం సమయానికి అందితే అది మార్చి మొదటి వారంలో అక్కడ దిగవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాలకూ బ్రిటన్‌కూ రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు నిండాలి, అంటే మే 5 దాటాలి. జపాన్‌కు రెండు టీకాలు, ఆపైన రక్తపరీక్ష నుంచి 180 రోజులు కావాలి, అంటే ఆగస్టు వస్తుంది. ఒకే రోజున మొదలుపెట్టిన కుక్క ప్రయాణం గమ్యాన్ని బట్టి ఇలా అయిదు నెలల తేడాతో ఉంటుంది.

తెలుగువారు ఎక్కువగా వెళ్లే అమెరికా సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి షికాగోకు దిగుమతి చేసిన కుక్కల్లో ఒకదానికి పెన్సిల్వేనియా చేరాక రేబిస్ బయటపడింది. టీకా వేసినట్టు ధ్రువపత్రం దానికి ఉంది. అప్పటికే నకిలీ పత్రాలు పెరిగిపోవడంతో విసిగిన అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, అదే ఏడాది జూలైలో రేబిస్ ముప్పు ఎక్కువున్న వందకు పైగా దేశాల కుక్కల మీద తాత్కాలిక నిషేధం విధించింది, ఆ దేశాల్లో భారతదేశమూ ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి ఆ తాత్కాలిక ఏర్పాటు స్థానంలో శాశ్వత నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం కుక్కకు కనీసం ఆరు నెలల వయసు ఉండాలి. సీడీసీ వారి డాగ్ ఇంపోర్ట్ ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపి రసీదు తీసుకోవాలి, దీనికి రుసుము లేదు. టీకా, చిప్పు వివరాలతో విదేశీ టీకా ధ్రువీకరణ ఫారాన్ని డాక్టరు నింపి, ప్రభుత్వ పశువైద్య అధికారి ఆమోదించాలి. వీటన్నిటితో పాటు, సీడీసీ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు రిజర్వు చేసుకుని, ఆ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. అక్కడ కుక్కను పరీక్షించి, మరోసారి రేబిస్ టీకా వేసి పంపుతారు. చెల్లుబాటయ్యే టైటర్ ఫలితం లేకపోతే అక్కడే 28 రోజుల క్వారంటైన్ తప్పదు, ఆ ఖర్చంతా యజమానిదే.

ఈ నియమాలు అమలుకు వచ్చినప్పుడు అలాంటి కేంద్రాలున్న విమానాశ్రయాలు ఆరు: అట్లాంటా, లాస్ ఏంజెలిస్, మయామి, న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లస్. పేరులో పోలిక ఉన్నా టెక్సస్‌లోని డాలస్ ఈ జాబితాలో లేదు, శాన్ ఫ్రాన్సిస్కో కూడా లేదు. మనవారు పెద్ద సంఖ్యలో ఉండే ఈ రెండు ప్రాంతాలకు వెళ్లే కుటుంబం కుక్కతో నేరుగా ఇంటి దగ్గరి విమానాశ్రయంలో దిగే టికెట్టు కొంటే ఆ టికెట్టు వృథా. జాబితా మారవచ్చు కాబట్టి టికెట్టు కొనే రోజున సీడీసీ పేజీలో చూసుకుని, ముందు సంరక్షణ కేంద్రంలో చోటు ఖరారు చేసుకుని, ఆ తరువాతే విమానం బుక్ చేసుకోవాలి. పిల్లుల విషయంలో మాత్రం సీడీసీ రేబిస్ టీకా పత్రం కోరదు. అయితే రాష్ట్రాల నియమాలు, విమానసంస్థల నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి పిల్లికీ టీకా వేయించి పత్రం దగ్గర పెట్టుకోవడమే క్షేమం.

యూరప్ పద్ధతి ఇంతకన్నా నిదానమైనది, కానీ చేరాక చిక్కులు తక్కువ. అక్కడ కుక్కకూ పిల్లికీ ఒకే నియమం. ప్రభుత్వ పశువైద్య అధికారి ఇచ్చే జంతు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చిన రోజు నుంచి 10 రోజుల లోపు యూరోపియన్ యూనియన్‌లో ప్రవేశించాలి. యజమాని ప్రయాణానికి ముందో వెనుకో అయిదు రోజుల లోపలే కుక్క ప్రయాణం జరగాలి, లేకపోతే దాన్ని వ్యాపార రవాణాగా పరిగణించి వేరే, మరింత కఠినమైన నిబంధనలు వర్తింపజేస్తారు. ముందు మనం వెళ్లి ఇల్లు చూసుకుని ఆరు నెలల తరువాత కుక్కను పార్సిలు చేయించుకుందామనుకునేవారు ఈ అయిదు రోజుల నియమాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. ఒక మంచి సంగతి కూడా ఉంది: ఒకసారి వచ్చిన టైటర్ ఫలితం, రేబిస్ బూస్టర్లు గడువు దాటకుండా వేయిస్తున్నంత కాలం యూరప్ లెక్కలో చెల్లుతూనే ఉంటుంది. బూస్టరు ఒక్క రోజు ఆలస్యమైనా ఆ గొలుసు తెగిపోయి, టీకా, రక్తపరీక్ష, మూడు నెలల నిరీక్షణ అన్నీ మొదటికి వస్తాయి.

బ్రిటన్‌కు దాదాపు ఇవే నియమాలు. వీటికి తోడు కుక్కకు దిగడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు డాక్టరు చేత వేయించి, సమయంతో సహా రాయించాలి. విమానంలో వెళ్లే పెంపుడు జంతువు సాధారణంగా కార్గోగానే అక్కడ దిగాలి. పిట్‌బుల్ టెరియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రజిలేరో, ఎక్స్ఎల్ బుల్లీ రకాలపై అక్కడ నిషేధం ఉంది. ఒకప్పుడు భారతదేశం నుంచి వెళ్లిన కుక్క అక్కడ ఆరు నెలలు క్వారంటైన్‌లో గడపవలసి వచ్చేది. 2012 జనవరి నుంచి మూడు నెలల నిరీక్షణను మన ఇంట్లోనే గడపనిస్తున్నారంటే అది కుక్కకు చాలా పెద్ద ఊరట.

ఆస్ట్రేలియా భారతదేశం నుంచి నేరుగా కుక్కలను, పిల్లులను రానివ్వదు. ముందు వారు ఆమోదించిన మరో దేశానికి తీసుకెళ్లి, అక్కడి ప్రక్రియ పూర్తిచేసి, ఆ తరువాత మెల్‌బోర్న్ దగ్గరి మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రం ద్వారా ప్రవేశించాలి. ఇది నెలల తరబడి సాగే, ఖర్చు బాగా అయ్యే వ్యవహారం. కెనడా 2022 సెప్టెంబరు 28 నుంచి మన దేశంతో సహా రేబిస్ ముప్పున్న దేశాల నుంచి అమ్మకానికి, దత్తతకు పంపే కుక్కలను నిషేధించింది గానీ, యజమాని వెంట వెళ్లే సొంత పెంపుడు కుక్కను టీకా పత్రంతో అనుమతిస్తోంది.

గమ్యం ఏదైనా భారతదేశం నుంచి బయలుదేరడానికి కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ కింద పనిచేసే ఏక్యూసీఎస్, అంటే జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల కార్యాలయం అనుమతి కావాలి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఈ కేంద్రాలున్నాయి. విజయవాడ, విశాఖ, తిరుపతి ప్రాంతాల వారు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు కుక్కతో సహా హైదరాబాద్‌కో చెన్నైకో రావలసి ఉంటుందని ముందే అనుకోవాలి. అక్కడి అధికారి కాగితాలన్నీ సరిపోల్చి, చిప్పు చదివి, కుక్కను చూసి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే యజమాని పేరు, అన్ని పత్రాల్లోనూ ఒకే రంగు, ఒకే జాతి, ఒకే పుట్టిన తేదీ ఉండేలా చూసుకోవాలి. వీధి నుంచి తెచ్చి పెంచుకున్న దేశవాళీ కుక్కకు పుట్టిన తేదీ తెలియదు కాబట్టి, డాక్టరు దంతాలు చూసి అంచనా వేసిన ఒకే తేదీని మొదటి కాగితం నుంచి చివరి కాగితం వరకూ వాడాలి. పెంపుడు జంతువుల తరలింపు పనులు చూసే రీలొకేషన్ ఏజెంట్లు బుకింగులకూ కార్యాలయాల పనులకూ బాగా ఉపయోగపడతారు. అయినా టీకా తేదీలు, చిప్పు అంకెలు సరిచూసే బాధ్యతను మాత్రం ఎవరికీ అప్పగించవద్దని నా సలహా, ఎందుకంటే తప్పు జరిగితే విమానాశ్రయంలో ఆగిపోయేది మన కుక్కే.

ఇక క్రేటు, అంటే విమానంలో కుక్కను ఉంచే పెట్టె. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐయాటా నియమాల ప్రకారం కుక్క దానిలో తల వంచకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, సహజంగా పడుకోగలగాలి. కొలత తీసే పద్ధతి ఇది: ముక్కు కొస నుంచి తోక మొదలు వరకూ పొడవు, నేల నుంచి ముందుకాలి మోచేయి వరకూ ఎత్తు, భుజాల దగ్గర వెడల్పు, నిలబడినప్పుడు నేల నుంచి తలపై వరకూ లేదా నిక్కిన చెవి కొస వరకూ ఎత్తు చూడాలి. క్రేటు పొడవు కుక్క పొడవుకు మోచేయి ఎత్తులో సగం కలిపినంత, వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు, ఎత్తు తల ఎత్తుకు పరుపు మందం కలిపినంత ఉండాలి. 80 సెంటీమీటర్ల పొడవు, 32 సెంటీమీటర్ల మోచేయి ఎత్తు, 24 సెంటీమీటర్ల భుజాల వెడల్పు, 68 సెంటీమీటర్ల తల ఎత్తు ఉన్న లాబ్రడార్‌కు పొడవు 96, వెడల్పు 48, లోపలి ఎత్తు 68కి పైన పరుపు మందం కలిపి కావాలి. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకో పది శాతం పెంచాలి. ప్లాస్టిక్ క్లిప్పుల బదులు లోహపు బోల్టులు, నాలుగు వైపులా గాలి రంధ్రాలు, తలుపు తీయకుండానే బయటి నుంచి నీళ్లు పోయగలిగే గిన్నెలు ఉండాలి. కుక్క సైజు చూసి ఊహ మీద కొన్న క్రేటు కార్గో కౌంటరు దగ్గర చిన్నదని తేలితే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

కార్గో అనే మాట వింటేనే చాలామంది భయపడతారు. జంతువులను ఉంచే అరలో గాలి పీడనం, ఉష్ణోగ్రత నియంత్రణలోనే ఉంటాయి. అసలు ప్రమాదం విమానం గాలిలో ఉన్నప్పటికన్నా నేల మీద, ఎండలో ఎక్కించి దించే సమయంలో ఎక్కువ. మే నెలలో హైదరాబాద్ మధ్యాహ్నపు ఎండకు, వేసవిలో గల్ఫ్ విమానాశ్రయాల వేడికి కుక్కను గురిచేయకుండా రాత్రి విమానం ఎంచుకోవాలి. వేడి నెలల్లో కొన్ని విమానసంస్థలు జంతువులను అసలే తీసుకోవు. పగ్, బుల్‌డాగ్, షిట్జు, బాక్సర్, పర్షియన్ పిల్లి వంటి చప్పిడి ముక్కు వాటికి ఒళ్లు చల్లబరచుకునే శక్తి తక్కువ కాబట్టి చాలా సంస్థలు వాటిని నిరాకరిస్తాయి. ఇది వివక్ష కాదు, వాటి ప్రాణరక్షణ కోసమే. భయపడుతుందని నిద్రమందు ఇవ్వడం మాత్రం చేయకూడదు. అది రక్తపోటును తగ్గించి, శ్వాసను, తూలకుండా నిలబడే శక్తిని దెబ్బతీస్తుంది, ఆకాశంలో దాన్ని చూసుకునేవారు ఉండరు. అందుకే విమానసంస్థలు మత్తు ఇచ్చిన జంతువును ఎక్కించుకోవడానికి ఒప్పుకోవు.

మందు చేయలేని పనిని అలవాటు చేస్తుంది. నిరీక్షణలో ఎలాగూ నెలలు గడుస్తాయి కాబట్టి క్రేటును చిప్పు వేయించిన వారంలోనే ఇంట్లోకి తేవాలి. తలుపు తీసిపెట్టి లోపలే అన్నం పెట్టాలి, తనంతట తాను వెళ్లి పడుకునే దాకా బలవంతపెట్టకూడదు. ఆ తరువాత తలుపు కొద్ది నిమిషాలు మూయాలి, క్రమంగా గంటల దాకా పెంచాలి, కారులో క్రేటుతో సహా తిప్పాలి. ప్రయాణం నాడు మీరు వాడి ఉతకని పాత బట్ట లోపల వేస్తే మీ వాసన దానికి ధైర్యం. బయలుదేరడానికి కొన్ని గంటల ముందు తేలికగా తినిపించి, బాగా నడిపించాలి. గిన్నెలో నీటిని ముందురోజే గడ్డకట్టిస్తే ఎత్తి దించేటప్పుడు ఒలకదు, కరిగేకొద్దీ తాగడానికి దొరుకుతుంది. తనిఖీ కోసం కుక్కను క్రేటు నుంచి బయటికి తీయమంటారు. అప్పుడు గట్టి ఛాతీపట్టీ (హార్నెస్), బెల్టు చేతిలో ఉండాలి. తెలియని చప్పుళ్ల మధ్య బెదిరి తప్పించుకునే కుక్కలు ఎక్కువగా తప్పించుకునేది అక్కడే.

ఇంత చేసినా అన్ని కుక్కలూ ప్రయాణానికి తగినవి కావు. గుండెజబ్బు ఉన్న పన్నెండేళ్ల కుక్కను, మూత్రపిండాలు దెబ్బతిన్నదాన్ని, అపరిచితుల మధ్య అన్నం ముట్టని దాన్ని ఇరవై గంటలకు పైగా సాగే ప్రయాణానికి పంపే ముందు దాన్ని చూస్తున్న డాక్టరుతో మనసు విప్పి మాట్లాడాలి. తనను పెంచిన తాతగారి దగ్గరో పెద్దమ్మ దగ్గరో అలవాటైన వీధిలో మిగిలిన కాలం గడపడమే దానికి మేలని డాక్టరు చెబితే, ఆ నిర్ణయాన్ని ప్రేమ తక్కువగా చూడవలసిన పని లేదు. అలా వదిలి వెళ్లేటప్పుడు టీకా గడువులు, మందుల మోతాదు, డాక్టరు ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి, ఖర్చుకు నెలనెలా డబ్బు పంపే ఏర్పాటు చేయడం మన బాధ్యత.

వెంట తీసుకెళ్లినవారు చేరాక చేయవలసిన పని చిన్నదే కానీ మరచిపోయేది. చిప్పు సంఖ్యను కొత్త దేశపు చిప్పు రిజిస్ట్రీలో కొత్త చిరునామాతో, ఫోన్ నంబరుతో నమోదు చేయాలి. భారతీయ నంబరు మీదే ఉన్న చిప్పు అక్కడ తప్పిపోయిన కుక్కను మీ దగ్గరికి చేర్చలేదు. అమెరికాలో చాలా ప్రాంతాల్లో కుక్కకు స్థానిక లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ పత్రం చూపించాలి. తొలి వారాల్లోనే ఒక డాక్టరు దగ్గర నమోదు చేయించి, ఇక్కడి కార్డులన్నీ చూపించి, తదుపరి బూస్టరు తేదీని వారి రికార్డులోనూ రాయించాలి.